రెండు కట్టల నాటిక

మా కోరుట్లల
అర్ధగంట అంటే యాభై బీడీలు.
నాటిక ముందరి సంగీతానికి కత్తెర మొదలు,
"ఇంతటితో సమాప్తం" అనేసరికి
రెండు కట్టలు చాటల పండుకోవాలె.
గడియారం ఎవరింట్ల ఉన్నది గనుక?

రేడియో మా అవ్వది.
ఏరియల్ విరిగితే
సైకిల్ పుల్ల కట్టింది.
సెల్లులు మాత్రం అందరివి,
రూపాయి రూపాయి జమచేసి తెచ్చినవి.
నీరసిస్తే మధ్యాహ్నం రేకుల మీద ఎండకు పెట్టేది.
వాటికి కాకుల కావలి నా పని.

రాత్రి ఎనిమిదింటికి అంబుబాయి వచ్చేది,
ముందు మోకాళ్లను తిట్టి తర్వాత కూచునేది.
గడప పక్కన షాజాదీబీ, తునికాకు తడిబట్ట విప్పుకుంట.
ఆమెకు తెలుగు సగమే వచ్చు
కానీ దొంగ గొంతును అందరికంటె ముందు పట్టేది.
"వీడే," అనేది, "వీని నవ్వు చూడుండ్రి."
చూడమనేది. మేమంత చూసేటోళ్లం.

కొబ్బరిచిప్పలు కొడితే గుర్రాలొస్తయని
నాకు ఎన్నడో తర్వాత తెలిసింది.
అప్పుడైతే అవి మా గల్లీలకే వచ్చేవి,
తంబాకు ఘాటుకు తుమ్మేవి కూడ.

ఏడుపు నాటిక రోజు చాటన్ ఎక్కువ పోయేది.
కన్నీళ్లు పడ్డ ఆకు సరిగ చుట్టుకోదు,
చుట్టుకున్నా వదులైతది.
తెల్లారి కార్ఖానల చెకర్ రాజలింగం
వేలితో నొక్కి నొక్కి పక్కకు ఏరేవాడు:
"రాత్రి ఎవరు సచ్చిండ్రు మీ రేడియోల?"
భయం నాటిక రోజు బీడీ సన్నగ, గట్టిగ,
ఒక్కటి పోయేది కాదు.
నవ్వులాటవి లాభమూ కాదు నష్టమూ కాదు,
దారం మాత్రం చిక్కుపడేది.

ఆ రాత్రి వాన.
నాటికల కూడ వాన. ఏది ఎక్కడిదో తెల్వలే.
లోపల ఒకామె, దీపం.
తలుపు చప్పుడు.
మూడుసార్లు.
ఆమె లేచింది, గాజులు వినపడ్డయి.
గొళ్లెం మీద చెయ్యి పడ్డది, అదీ వినపడ్డది.
"ఎవరు?" అన్నది.

సెల్లులు అయిపోయినయి.

అవ్వ రేడియో వీపు మీద కొట్టింది.
సెల్లులు తీసి అరచేతుల రుద్దింది,
ఇటువి అటు మార్చింది.
"రు" అని ఒక్క అక్షరం రాల్చి మళ్ల సప్పుడు చేయలే.
కత్తెరలు ఆగినయి.
సగం చుట్టిన బీడీలు వేళ్లల్లనే.

అంబుబాయి, మెల్లగ:
"మొగడే. పదేండ్ల కింద బొంబాయి పోయినోడు."
"నీ మొగడా, ఆమె మొగడా?" అన్నరెవరో.
నవ్విండ్రు. అంబుబాయి నవ్వలే.
"పోలీసోడు," అన్నది షాజాదీబీ,
"గొంతు ఇనిపియ్యలే గద, మంచోడు కాదు."
అవ్వ ఏమనలే. దారం కొరికింది.
"తీస్తదా అవ్వా?" అని అడిగిన.
"పండుకో."

తెల్లారి కార్ఖానల వరుస.
రాజలింగం మా చాట ముందరేసుకున్నడు.
ఒక కట్ట చేతిల పట్టిండు, నొక్కలే.
అటిటు చూసి గొంతు తగ్గించిండు:
"రాత్రి మాకు కరెంటు పోయింది.
అవునే, తలుపు తీసిందా?"

వరుసంత అవ్వ దిక్కు తిరిగింది,
అంబుబాయి కూడ.
"తీసింది," అన్నది అవ్వ, అక్కడే ఉండి చూసినట్టు.
"తీస్తే ఎవ్వలు లేరు, గాలి.
అప్పుడామె బయటికొచ్చి, వానల నిలబడి,
తన తలుపు తనే కొట్టి చూసుకున్నది,
బయటికెల్లి ఆ చప్పుడు ఎట్లుంటదో అని."

రాజలింగం కట్ట దించిండు.
కొంచెంసేపటికి,
"లోపటికెల్లి ఎవరన్న పలికిండ్రా?"
"రేపు చెప్తా తీయి," అన్నది అవ్వ.

ఆ దినం మా వెయ్యిల
ఒక్క బీడీ చాటన్ పోలే.
నెలదాక కొత్త సెల్లులు కొనలే.
కొందామని ఎవరూ అనలే కూడ.